నాంపల్లిలో గరం షర్బత్

ఒక ఇనుప గేటు. దాని లోపల ఆరు పోర్షన్లు, ఒక కుళాయి, ఒక జామచెట్టు, రెండు సైకిళ్ళు, కోడు విరిగిన నవారు మంచం, ఎవరిదో ఎవరూ ఒప్పుకోని ఒక కోడిపుంజు. మనుషుల్లో కుళాయి దగ్గర బిందెలతో నలుగురు ఆడవాళ్ళు, అరుగు మీద వేపపుల్ల నములుతున్న ఒకాయన, ఆఖరి పోర్షన్ గుమ్మంలో మా అక్క. గురువారం ఉదయం నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిచి వచ్చేసరికి అక్కడ ఉన్నవి ఇవి, ఉన్నవాళ్ళు వీళ్ళు.

నేను గోదావరి జిల్లాలో ఒక పంచదార మిల్లు లాబొరేటరీలో పనిచేస్తున్నాను. బాయిలర్ మరమ్మతు కోసం మిల్లు ఆపడంతో నాలుగు రోజులు సెలవు దొరికింది. రాష్ట్రం ఏర్పడి ఏడేళ్ళయినా మా వైపు వాళ్ళలో రాజధాని చూసినవాళ్ళు తక్కువే. అలాంటివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చార్మినార్ సంగతి ఇందులో ఉండదు. అంతదూరం వెళ్ళే తీరిక దొరకలేదు. సెలవంతా ఒక డేగిసా చుట్టూ తిరగడంతో సరిపోయింది.

నాంపల్లి

మా వైపు డిసెంబరులో తెల్లవారుజామున ఒక దుప్పటి చాలు. ఇక్కడ ఎండ వచ్చాక కూడా నోట్లోంచి ఆవిరి వస్తోంది. నేను చొక్కా మీదే దిగాను.

కుళాయి దగ్గర అందరికంటే పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, అక్కతో అంది. "ఎవరు బిడ్డా, మీ తమ్ముడా? గజగజ వణుకుతుండు. జర కంబళి కప్పు, లేకుంటే బిగుసుకపోతడు."

ఆవిడ ఎల్లమ్మ. కాంపౌండులో అందరూ పెద్దమ్మ అంటారు. నల్లగొండ వైపు పల్లె. భర్త రైల్వే గూడ్స్ షెడ్‌లో పనిచేస్తాడు. వ్యవసాయం వదిలి వచ్చి పదిహేనేళ్ళయిందట. వేపపుల్ల నములుతున్న ఆయన బాలకిషన్. ఆబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణంలో పని.

అక్కా బావా ఈ ఫిబ్రవరిలో ఇక్కడ చేరారు. బావ సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. నేను తెచ్చిన కాజాలు, పూతరేకులు, ఆవకాయ జాడీ దించుకుని అక్క కాఫీ ఇచ్చింది. ఇచ్చి, నా ఎదురుగా కూచుని, ఊరి కబుర్లు ఒక్కటీ అడగకుండా, "సత్యం, పండ్ల రసం కాచడం నీకేమైనా తెలుసా?" అంది.

విషయం ఇది. ఈ కాంపౌండులో ఏటా చలికాలంలో ఒక శనివారం సాయంత్రం జామచెట్టు దగ్గర మంట వేసుకుని అందరూ కూచుంటారు. మసాలా వేసి వేడివేడిగా కాచిన పండ్ల రసం తాగుతారు. దాన్ని గరం షర్బత్ అంటారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇంటివాళ్ళే అది కాచాలి. ఈసారి కొత్త ఇల్లు అక్కది. ఆ శనివారం ఎల్లుండే.

"మనకెందుకొచ్చిన గొడవోయ్?" అన్నాడు బావ, షూ లేసులు కట్టుకుంటూ. "ఖైరతాబాద్‌లో ఒక పోర్షన్ ఖాళీ అయింది. చుట్టూ అంతా మన జిల్లాల వాళ్ళే. ఇంటాయనకి ఆదివారం మాట చెప్పాలి. ఈవిడేమో కదలనంటోంది."

"కదలనని అన్లేదు. శనివారం దాకా ఆగమన్నాను," అంది అక్క.

బావ ఆఫీసుకి వెళ్ళాక అసలు మాట చెప్పింది. "మధ్యాహ్నం పూట వాళ్ళంతా ఆ చెట్టు కింద బియ్యం ఏరుకుంటారు. నవ్వులు ఇక్కడికి వినిపిస్తాయి. నేను వెళ్తే జరిగి చోటిస్తారు, మర్యాదగా మాట్లాడతారు. నవ్వులు మాత్రం ఆగిపోతాయి. పది నెలలైంది, ఇంకా కాకినాడామెనే. ఖైరతాబాద్ వెళ్తే మళ్ళీ కాకినాడలో ఉన్నట్టే కదరా. దానికోసమా ఇంతదూరం వచ్చింది? శనివారం బాగా కుదిరితే ఇక్కడే ఉంటాను. కుదరకపోతే మీ బావ ఎక్కడికంటే అక్కడికి."

ఆబిడ్స్

ఆ మధ్యాహ్నం బాలకిషన్ నన్ను సైకిల్ వెనక కూచోబెట్టుకుని ఆబిడ్స్ తీసుకెళ్ళాడు. రోడ్డుకి రెండు పక్కలా అద్దాల దుకాణాలు, స్వెట్టర్లు తొడుక్కున్న జనం. ఒక మూల క్రిస్మస్‌కి కాగితం నక్షత్రాలు వేలాడదీసి అమ్ముతున్నారు. మా కాకినాడ మెయిన్ రోడ్డు కంటే ఇక్కడ రోడ్డు వెడల్పు. అరుపులు మాత్రం తక్కువ. అమ్మేవాళ్ళు పిలవరు. వస్తే రండి, లేకపోతే మీ ఇష్టం అన్నట్టు కూచుంటారు.

ఒక ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల ముందు కూచున్నాం. చాయ్ చెప్పగానే కుర్రాడు బిస్కట్లు, సమోసాలు ఉన్న ప్లేటు ఒకటి తెచ్చి పెట్టాడు. పెట్టింది వదిలెయ్యకూడదని పెరిగినవాణ్ణి. మొత్తం తిన్నాను. నాలుగు సమోసాలు, ఆరు బిస్కట్లు. బాలకిషన్ చాయ్ సాసర్‌లో పోసుకోవడం మాని నన్నే చూస్తున్నాడు.

"భై, పొద్దుగాల మీ అక్క ఏం పెట్టలేదా?"

"ప్లేటు ఖాళీ చెయ్యకపోతే బాగుండదని..."

"అరె! తిన్న కాడికే పైసలు. మిగిలింది పక్క బల్లకు పోతది. నువ్వు పక్క బల్లోళ్ళది గూడ తిన్నవ్!"

చాయ్ పదిహేను నయా పైసలే. ప్లేటుకి దానికి ఎన్నో రెట్లయింది. డబ్బులు ఆయన నన్ను ఇవ్వనివ్వలేదు. చాయ్ మాత్రం చెప్పుకోవాలి. చిక్కగా, కొంచెం ఉప్పుదనంతో, గొంతు దాటాక కూడా రుచి ఉంటుంది. కాఫీ ఇంటి పిల్లవాణ్ణి, అయినా ఒప్పుకోక తప్పదు.

గరం షర్బత్‌లో ఏమేం వేస్తారని అడిగాను. రాసుకుందామని పెన్ను కూడా తీశాను.

"గట్ల రాసేదేం లేదు," అన్నాడు బాలకిషన్. "ఎవరింట్ల ఎట్లొస్తే అట్ల. మేం వచ్చిన ఏడు మా ఇంటామె దానిమ్మ ఏసింది. అంతకుముందోళ్ళు కిస్‌మిస్ ఏసిన్రు. పండుండాలె, మసాలా ఉండాలె, నోరు కాలాలె. గంతే."

"కొలతలు?"

"కొలతలేంది భై, అది గడియారమా?"

మొజంజాహీ మార్కెట్

శుక్రవారం ఉదయం నేనూ అక్కా మొజంజాహీ మార్కెట్‌కి నడిచి వెళ్ళాం. రాతి కమానుల కింద పండ్ల గుట్టలు. మా వైపు అరటిపండే పండు. తక్కినవి జ్వరం వచ్చినప్పుడే. ఇక్కడ నాగపూర్ కమలాలు గంపలు గంపలుగా ఎండలో మెరుస్తున్నాయి. డజను రెండు రూపాయలు చెప్పాడు తెల్లగడ్డం ముసలాయన. ఐదు డజన్లు కావాలనేసరికి రూపాయిన్నరకి దిగాడు.

"ఏం, శాదీయా?" అన్నాడు కాగితం సంచిలో వేస్తూ.

"కాదు, గరం షర్బత్," అంది అక్క. తడబడకుండా అంది. దారంతా ఆ మాట లోలోపల అనుకుంటూ వచ్చిందని నాకు తెలుసు.

"అయితే ఇది నీ గ్లాసులోకమ్మా," అని ఒక కమలా ఎక్కువ వేశాడు. దానిమ్మలు, దాల్చినచెక్క, లవంగాలు, శొంఠి, బెల్లం కూడా అక్కడే దొరికాయి.

సాయంత్రం ఇంట్లో ఒక గ్లాసు ప్రయోగం చేశాం. రెండు కమలాలు ఒలిచి, తొనల పైపొర తీసి, గింజలు ఏరి, గుడ్డలో పిండాను. గుప్పెడు దానిమ్మ గింజల రసం, చిటికెడు శొంఠి, రెండు లవంగాలు, వేలెడు దాల్చినచెక్క, కొంచెం బెల్లం. కుంపటి మీద ఆవిరి రాగానే దించాం. ప్రయోగం కనుక నేను తాగాను. చాలా బాగుంది. చలికి ముడుచుకున్న ఛాతీ విచ్చుకున్నట్టయింది. బావకి సగం ఇచ్చాం. "ఇదేదో బాగానే ఉందే," అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

మిగిలిన పని లెక్కే కదా అనుకున్నాను. ఆరు ఇళ్ళవాళ్ళు, వాళ్ళ చుట్టాలు కలిపి నలభై మంది. ఒక్కొక్కరికి చిన్న గ్లాసు. ప్రతి దినుసునీ నలభై పెట్టి గుణించాను. కమలాలు అంతకు సరిపడా లేవు కనుక కొంత నీళ్ళు, కొంత బెల్లం పెంచాను. లవంగాలు ఎనభై అయ్యాయి.

"ఎనభయ్యా?" అంది అక్క.

"గ్లాసుకి రెండు. నలభై రెళ్ళు ఎనభై."

"లెక్క సరిగ్గానే ఉంది," అన్నాడు బావ.

శనివారం, డేగిసా దగ్గర

పెద్దమ్మ తన ఇంట్లో ఉన్న, కొత్తగా కళాయి పెట్టించిన పెద్ద డేగిసా దొర్లించుకుంటూ తెచ్చి ఇచ్చింది. "పోరీ, నువ్వే చెయ్యాలె. నేను చెయ్యి పెట్టొద్దు, గది మా రివాజు," అని వెళ్ళిపోయింది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి రెండుసార్లు చూసింది.

ఐదు డజన్ల కమలాలకి పొరలు తీసి గింజలు ఏరే ఓపిక ఇద్దరికీ లేదు. ముప్పై దాకా అలా చేశాం. తక్కినవి తొనలు తొనలుగానే రోట్లో వేసి పచ్చడికి దంచినట్టు దంచాం. పిప్పితో సహా డేగిసాలో పడ్డాయి. మూడు రాళ్ళ మీద కట్టెలు పెట్టి మంట వేశాం. గ్లాసుడు రసానికి ఆవిరి ఎంతలో వచ్చిందో చూశాను కానీ, డేగిసాకి ఎంతసేపు పడుతుందో ఆలోచించలేదు. మధ్యాహ్నం పెట్టింది పొద్దు వాలేదాకా కాగుతూనే ఉంది. ఎనభై లవంగాలూ అందులోనే మునిగి ఉన్నాయి.

వాసన మాత్రం గేటు దాకా పోయింది. పిల్లలు వచ్చి తొంగి చూస్తున్నారు.

నేను గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకోబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"పదిమందికి పెట్టేది. ముందే ఎంగిలి చేస్తావా?"

మా ఇంట్లో ఇది అందరికీ తెలిసిన నియమమే. వంట చేసేవాళ్ళు రుచి చూడరు. చారులో ఉప్పు చాలిందో లేదో మా అమ్మ ఆవిరి వాసన చూసి చెబుతుంది. ఎప్పుడూ తప్పదు. అందరూ తిని లేచాక ఆమె కూచుంటుంది. అక్క కూడా అంతే. పెళ్ళయ్యాక బావ కంటే ముందు మంచినీళ్ళు తాగడం కూడా నేను చూడలేదు. కనుక నాకూ అది తప్పనిపించలేదు. అరచెయ్యి తుడుచుకున్నాను. అక్క ఆవిరి మీదికి వంగి కళ్ళు మూసుకుని వాసన పీల్చి, "కుదిరిందిరా," అంది.

మంట చుట్టూ

పొద్దుగూకగానే జామచెట్టుకి కొంచెం ఎడంగా మంట వేశారు. చాపలు పరిచారు. మగవాళ్ళు మఫ్లర్లు, ఆడవాళ్ళు శాలువాలు. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకున్నారు. ఇత్తడివి, స్టీలువి, గాజువి. మా వైపు పదిమందిని పిలిస్తే గ్లాసులు పిలిచినవాళ్ళే పెట్టాలి. ఇక్కడ గ్లాసు లేకుండా వస్తే నవ్వుతారట. నేనూ బావా డేగిసా మోసుకొచ్చి మధ్యలో దించాం.

అక్క గరిటె తీసుకుని పెద్దమ్మకి పొయ్యబోయింది. పెద్దమ్మ ఆ గరిటె అందుకుని, ఒక గ్లాసు నింపి, అక్క చేతికే ఇచ్చింది.

"నువ్వు తాగు బిడ్డా."

అక్కకి అర్థం కాలేదు. "ముందు మీరు పుచ్చుకోండి పెద్దమ్మా."

"గట్ల గాదు. చేసినోళ్ళే ముందుగాల తాగాలె. అందరి ముంగట తాగి, ఎట్లున్నదో చెప్పాలె. గప్పుడు మేం తాగుతం."

ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. వాళ్ళకి అది చెప్పవలసిన సంగతి అనిపించి ఉండదు. మా ఇంట్లో చేసినవాళ్ళు ఆఖర్న తాగుతారని వాళ్ళకేం తెలుసు? అక్క గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. బావ వైపు చూసింది. బావ మంట వైపు చూస్తున్నాడు. పెద్దవాళ్ళు, మొగుడు, చంటిపిల్లలు, ఎవరి నోట్లోనూ చుక్క పడకుండా తను తాగాలి.

"ఏందమ్మా, ఇషం గిట్ల కలిపినవా?" అన్నాడు బాలకిషన్. అందరూ నవ్వారు. ఆయన భార్య సువర్ణ ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. "నీ నోట్ల మన్నుపొయ్య, జరసేపు ఊకుండు."

అక్క తాగింది. ఊదుకుంటూ, ఆగకుండా గ్లాసుడూ తాగింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. మొదటి గుక్కకే కనుబొమలు దగ్గరకొచ్చాయి. తరవాత ఏమీ తెలియనివ్వలేదు. గ్లాసు దించి పెదాలు తుడుచుకుంది. అందరూ చూస్తున్నారు. బాగుందని ఒక్క మాట అంటే ఆ పూట గడిచిపోతుంది. మర్యాదస్తులు, ఎలా ఉన్నా తాగి వెళ్తారు.

"చేదుగా ఉంది," అంది అక్క. "గొంతులో పట్టేసింది. ఎవ్వరూ తాగకండి."

బావ లేచి నిలబడ్డాడు. ఇంటికి పోదాం అన్నట్టు అక్క భుజం దాకా చెయ్యి తెచ్చాడు.

పెద్దమ్మ పకపకా నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "ఔ! గిది నిజం చెప్పిందుల్లా. ఓ సువర్ణా, వింటివా? నువ్వైతే ఆ ఏడు మంచిగుందని చెప్పి మా నోర్లు కాల్చినవ్!"

"నాకు భయమైంది పెద్దమ్మా," అంది సువర్ణ. "గప్పుడు నేను కొత్త పెండ్లికూతుర్ని."

"నేనొచ్చినప్పుడు అల్లం ఇంత ఏసిన," పెద్దమ్మ పిడికిలి చూపించింది. "తాగంగనే కండ్లల్ల నీళ్ళు. పొయ్యిల పోసుకోన్రి అన్న. గందుకే చేసినోళ్ళు ముందుగాల తాగేది. ఇప్పుడు నా చెయ్యి పెట్టొచ్చు. జరుగు బిడ్డా."

తరవాత ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం, ఎందుకంటే అందరూ ఒకేసారి లేచారు. సువర్ణ తన పాత చీరె తెచ్చి ఇంకో డేగిసాకి వాసెన కట్టింది. మొత్తం వడబోశారు. గింజలు, పిప్పి, లవంగాలు గుడ్డ మీద గుట్టగా మిగిలాయి.

"ఎన్నేసిన్రు లవంగాలు?" పెద్దమ్మ అడిగింది.

"ఎనభై," అన్నాను.

"పన్ను నొప్పి మందు చేసినవా కొడుకా?"

బాలకిషన్ సైకిలెక్కి మార్కెట్ మూసేలోపు పోయి రెండు డజన్ల కమలాలు పట్టుకొచ్చాడు. ఈసారి ఎవరూ దంచలేదు. పదిమంది ఆడవాళ్ళు మంట చుట్టూ కూచుని తొనలు ఒలిచి, గింజలు ఏరి, గుడ్డలో పిండారు. అక్క వాళ్ళ మధ్యలో ఉంది. ఎవరో ఆమె కాళ్ళ మీద కూడా శాలువా కప్పారు. ఆ రసం పొయ్యి మీద పెట్టకుండా, వడబోసిన వేడి రసంలో కలిపారు. ఇంకో ఇంటి నుంచి ఎండు ఖర్జూరం ఉడికించిన నీళ్ళు వచ్చాయి. బెల్లం వచ్చింది. చివర పెద్దమ్మ చిటికెడు ఉప్పు వేసింది.

కలిపిన ప్రతిసారీ గ్లాసు అక్క చేతికే వచ్చింది.

"ఇప్పుడు?"

"తగ్గింది. ఇంకా కొంచెం ఉంది."

"ఏముంది?"

"నాలుక చివర... లవంగం."

మళ్ళీ రసం, మళ్ళీ బెల్లం.

"ఇప్పుడు చెప్పు."

అక్క ఈసారి నిదానంగా తాగింది. గుక్కకీ గుక్కకీ మధ్య ఆగింది. తాగడం అయ్యాక గ్లాసు తిరగేసి ఖాళీ అని చూపించింది. బాలకిషన్ చప్పట్లు కొట్టాడు. నలభై గ్లాసులు ఒక్కసారి ముందుకొచ్చాయి.

నా వంతు వచ్చింది. నేను ప్రయోగం చేసిన రుచి కాదు. కమలా వాసన కొంచెం తగ్గింది, ఖర్జూరం తీపి అడుగున ఉంది, చేదు పూర్తిగా పోలేదు కానీ నిమ్మతొక్క కొరికినట్టు ఒక్క క్షణం తగిలి వెళ్తుంది. అదే బాగుందనిపించింది. ఇంకో గ్లాసు అడిగాను. అయిపోయిందన్నారు.

అక్కడ మా అక్కని ఎవరో "ఓ చేదమ్మా, ఇటు రా!" అని పిలిచారు. అక్క వెళ్ళింది. ఇంతలో అటు నుంచి పెద్ద నవ్వు వినిపించింది. అక్క వెళ్ళాక కూడా ఆ నవ్వు ఆగలేదు.

ఖైరతాబాద్

ఆదివారం పొద్దున్న బావతో పాటు నేనూ ఖైరతాబాద్ వెళ్ళాను. పోర్షన్ బాగుంది. రెండు గదులు, విడిగా కుళాయి. పక్కింట్లోంచి ఆవకాయ వాసన, మన యాసలో ఒకావిడ పిల్లాణ్ణి తిట్టడం. బావ గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు. తరవాత ఇంటాయనకి నమస్కారం పెట్టి, "మా ఆవిడకి అక్కడ అలవాటైపోయిందండీ, వేరే ఎవరికైనా ఇచ్చెయ్యండి," అన్నాడు.

బయటికొచ్చాక, "అలవాటైపోయి ఒక్క రాత్రే అయింది బావా," అన్నాను.

"ఆ కుళాయి చూశావా, వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది. నోర్ముయ్యవోయ్," అన్నాడు.

సాయంత్రం బండికి అక్క నాతో స్టేషన్‌కి రాలేదు. సువర్ణతో ఎక్కడికో వెళ్ళింది.

ఇంటికి వచ్చాక

పొద్దున్నే దిగి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. అక్క ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాను. షర్బత్ సంగతంతా చెప్పాను. చేదయిన సంగతికి అమ్మ బాధపడలేదు. లవంగాల దగ్గర నవ్వింది. మంట దగ్గరి సంగతి వచ్చేసరికి గరిటె ఆపింది.

"మీ బావకి పొయ్యకుండానే తాగిందా?"

"తాగింది."

"పెద్దవాళ్ళందరి ముందూ?"

"అందరి ముందూ. అందరికంటే ముందు."

అమ్మ చారు ఆవిరి మీదికి వంగి వాసన చూసింది.

"పోనీలే, ఒక్క గ్లాసేగా."

"మూడు," అన్నాను.